వేలికొసతో తుడిచిన దీర్ఘం: ఒక నల్లబోర్డు ఆత్మకథ

నేను కురవిలో ఒక సర్కారు బడి నల్లబోర్డును. గోడకు సిమెంటు పూసి నల్లరంగు వేస్తే పుట్టాను. నాకు ముందు ఈ పని చేసిన చెక్కబల్లలకు బొగ్గూ ఆకుపసరూ రుద్ది నలుపు తెచ్చేవారు. రాత విషయంలో మా ఊరికి పాత పేరే ఉంది. ముదిగొండ చాళుక్యుల నాటి మా ఊరి కొరవి శాసనం తెలంగాణలో దొరికిన తొలి తెలుగు వచన శాసనాల్లో ఒకటి. రాతి మీద చెక్కింది కాబట్టి వెయ్యేళ్లు దాటినా నిలిచింది. నా మీది రాత గంట కొట్టేదాకా ఉంటే గొప్ప. అందుకే కాబోలు, కన్నుమూసిన సారును తలచుకునే సభల్లో నన్నెవరూ సాక్ష్యం అడగరు. వేదిక మీది పెద్దలు మాత్రం రెండు మాటలు విడివిడిగా చెబుతారు: బడిలో మంచి పంతులు, ఇంట్లో మంచి మనిషి. ఆ రెండూ ఒకే గుణమని, అది సుద్దముక్క పట్టిన చేతిలోనే తెలిసిపోతుందని నేనంటాను.

కురవి చుట్టూ లంబాడీ తండాలున్నాయి. ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే పిల్ల బడికొచ్చి తెలుగు రాత నేర్చుకోవాలి. 'మిరపకాయ' రాయమంటే 'మీరపకాయ' అని రాసిందనుకోండి. ఒక సారు డస్టర్ తీసుకుని ఒక్క వేటుకు మాటంతా చెరిపేసి, తనే సరిగ్గా రాసి, పోయి కూర్చోమంటాడు. ఇంకో సారు చూపుడువేలి కొసతో దీర్ఘం మెలికను మాత్రం తుడుస్తాడు. మిగిలిన నాలుగక్షరాలూ ఆ పిల్ల చేతిరాతలోనే ఉంటాయి, తొలి అక్షరంలో గుడి కూడా ఆమెదే. ఇద్దరూ తప్పు దిద్దినవాళ్లే. కానీ మొదటాయన దగ్గర ఆ పిల్ల తనకు రాయడం రాదని నేర్చుకుంది. రెండో ఆయన దగ్గర తనకు ఇంచుమించు వచ్చేసిందని తెలుసుకుంది. ఎదుటివాళ్లలో తప్పెంతో అంతే తుడిచి, సరైనది చెక్కుచెదరకుండా వాళ్లకే వదిలేయడం, నేను చెప్పే గుణం ఇదే. ఇల్లాలితో, పిల్లలతో, ముసలి తల్లిదండ్రులతో నెగ్గుకురావడానికి ఇంతకు మించినది మరొకటి కావాలా?

గోడకు అతుక్కున్న దానివి, ఇంటి సంగతి నీకేం తెలుసని అడగొచ్చు. బడిలో ఓపికంతా ఖర్చుపెట్టి ఇంటికి విసుగు మోసుకెళ్లేవాళ్లు లేరా అనీ అనొచ్చు. ఉన్నారు. అయితే ఇల్లు రోజూ నా ముందుకు వస్తూనే ఉంటుంది. సాయంత్రం సంచిలో పోయిన నోటుబుక్కులు పొద్దున దిద్దించుకుని తిరిగొచ్చాయంటే, ఆ రాత్రి ఆయన ఇంట్లో చేయాల్సిన పని ఇంకెవరో చేశారన్నమాట. మంచి పంతులు కీర్తిలో ఆ ఇల్లాలి నిద్ర కూడా ఉంది. కనుక 'ఇంట్లో మంచి మనిషి' అనే మెప్పు సారు ఒక్కడికే ఇస్తే లెక్క తప్పు. ఆయన ఆ బాకీని గుర్తుపెట్టుకున్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి పెద్ద అభ్యంతరం మా పాత వరంగల్ జిల్లాలోనే ఉంది. 1934 ఆగస్టు 6న అక్కంపేటలో పుట్టిన కొత్తపల్లి జయశంకర్ పెళ్లే చేసుకోలేదు. పాఠాలు చెబుతూ ఎదిగి, 1991 నుంచి 1994 వరకు కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. తెలంగాణ వాదానికి జీవితమంతా ఇచ్చి, రాష్ట్రం రాకముందే 2011 జూన్ 21న కన్నుమూశారు. భూపాలపల్లి జిల్లా పేరుకు ముందు ఆయన పేరు చేరింది. మరి సంసారమే లేని మనిషిలో నా సూత్రం ఎక్కడ నిలుస్తుంది? జనం ఆయన్ని ఏమని పిలుస్తారో చూడండి. ఎంత పెద్ద పదవి చేసినా జనం నోట ఆయన 'జయశంకర్ సార్' గానే మిగిలారు. అది తరగతి గదిలో పుట్టిన పిలుపు. మా దగ్గర ఎవరినైనా సార్ అనడం మామూలే, కానీ పోయాక కూడా పేరుకు అతుక్కుని ఉండే సార్ వేరు, దాన్ని జనమే ఇవ్వాలి. ఇంటిమనిషి కావడానికి తాళి కట్టడం ఒక్కటే దారి కాదని, పదిమందిని తనవాళ్లనుకుని విసుగులేకుండా చెప్పిందే చెప్పడం మరో దారని ఆ పిలుపు చెబుతోంది.

ఓపికను ఇలా పొగిడితే సర్కారుకు పని తప్పుతుందనే మాటలోనూ న్యాయముంది. ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకో టీచరుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఒక్కడే ఐదు తరగతులు చూసే చోట వేలికొసతో తుడిచే తీరిక ఎక్కడిది? మంచితనం ఖాళీ పోస్టును నింపదు. అయితే పోస్టులన్నీ నిండినా, డస్టర్ విసరాలా వేలు పెట్టాలా అన్నది ఆ సారే తేల్చుకోవాలి. దానికి నేను చూసే చివరి పరీక్ష ఆయన సొంత తప్పు. నిజాం రోజుల్లో మా బడుల్లో పై తరగతులు ఉర్దూలో, తర్వాత తెలుగులో సాగాయి. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది. తెలుగులో చదివి తెలుగులోనే చెప్పిన సారు నడివయసులో ఇంగ్లిషు స్పెల్లింగు తప్పు రాయవచ్చు, ముందు వరుస పిల్ల దాన్ని పట్టుకోనూవచ్చు. అప్పుడాయన కసురుకుంటాడా, లేక అదే వేలికొసతో తన అక్షరాన్నీ తుడుచుకుంటాడా? పిల్లల ముందు తప్పు ఒప్పుకోగలిగినవాడు భార్య ముందూ ఒప్పుకోగలడని నా నమ్మకం. రుజువు చూపమంటే, రెండు చోట్లా ఉన్న చేయి ఒక్కటేనని మాత్రం చెప్పగలను.

సంతాపసభ రోజున నా నడుమ ఆయన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ రంగుసుద్దలతో రాస్తారు. చుట్టూ పూలతీగ గీస్తారు. దాన్ని చెరపడానికి మర్నాడు ఎవరికీ చేయి రాదు. రాతి మీదైతే అలాగే ఉంచవచ్చు. నా మీద కుదరదు. మొదటి గంట కాగానే తుడిచేయండి. పై మూలన ఆ రోజు తేదీ వేయాలి, కింద మొత్తం ఎందరో, హాజరైంది ఎందరో రాయాలి. తండా పిల్ల వచ్చిందో లేదో ఆయన ముందుగా చూసేది అక్కడే.