ఎకరాల మీద ఎంబీబీఎస్

నీట్‌లో ర్యాంకెంతని అడగండి, చెబుతారు. సీటుకి ఎంతైందని అడగండి, ఇంకాస్త గర్వంగా చెబుతారు. నెలకి వడ్డీ ఎంత పడుతోందని మాత్రం అడక్కండి. శుభమా అని పిల్లాడు డాక్టరవుతుంటే అవేం మాటలు?

"డాక్టరైతే రెండేళ్లలో లాగేస్తాడండీ." ఈ ఒక్క ముక్క మీద మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఎకరాలు చేతులు మారాయో రిజిస్ట్రారు ఆఫీసులకే తెలియాలి. లాగేది ఎక్కణ్ణుంచో, ఎవరి దగ్గరో అడిగినవాడు లేడు.

సరే, కాగితం మీద పెడదాం. ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ సీటు ఏడాదికి 12 లక్షల దరిదాపుల్లో ఉంటోంది. ఐదు వాయిదాలైతే 60 లక్షలు. (చదువు నాలుగున్నరేళ్లే. ఆ మిగతా అరేడాది ఫీజు ఏ జబ్బుకి మందో, అది కూడా వసూలు చేసే కాలేజీలే చెప్పాలి.) హాస్టలు, మెస్సు, రసీదు రాని చిల్లర ఖర్చులు వేరే. నూటికి పది వడ్డీ వేసుకున్నా ఏడాదికి 6 లక్షలు, అంటే నెలకి 50 వేలు. ఇది వడ్డీ మాత్రమే. అసలు కదలదు. హౌస్ సర్జన్ స్టైపెండు అందులో సగానికి అటూ ఇటూ. తర్వాత ఏ నర్సింగ్ హోములోనో రాత్రిళ్లు డ్యూటీ డాక్టరుగా నిలబడితే, జీతంలో పెద్ద ముక్క బ్యాంకు మేనేజరు ఆరోగ్యానికే.

ఇంతవరకూ చెప్పేసరికి ఎదుటివారి ముఖంలో జాలి కనిపిస్తుంది. "పీజీ చేస్తాడు కదండీ!" నిజమే, దానికీ దారి సుగమం చేశారు. 2023లో పీజీ నీట్ అర్హత పర్సంటైల్‌ని ఏకంగా సున్నాకి దించారు. మార్కుల్లో సున్నా ఉన్నా ఫరవాలేదు, చెక్కు మీద మాత్రం సున్నాలు తగ్గకూడదు.

మూడో ధైర్యం గొంతు తగ్గించి చెబుతారు: "సంబంధాలు కూడా ఆ లెవెల్లోనే వస్తాయి." బ్యాంకువాళ్లు అప్పు పత్రంలో హామీదారు గడి పక్కన కాబోయే వియ్యంకుడి గడి కూడా అచ్చేయిస్తే సరిపోతుంది. అదే ఆడపిల్లయితే లెక్క తిరగబడుతుంది. డాక్టరమ్మకి డాక్టరు అల్లుడే కావాలి, అతగాడి సీటు బాకీ కూడా మనమే తీర్చాలి.

ఇక ఈ ధరలు కట్టేవాళ్ల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ప్రైవేటు మెడికల్ కాలేజీల ట్యూషన్ ఫీజుని ఒక్క జీవోతో ఏడింతలు చేసి ఏడాదికి 24 లక్షలకు చేర్చారు. చదువు లాభాల వ్యాపారం కాదంటూ 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని చెల్లదు పొమ్మంది. పాపం, కోర్టువారికి మన సరదాలు తెలియవు. మరుసటి ఏడాది ప్రభుత్వమే కొత్తగా పెట్టిన సర్కారీ కాలేజీల్లో కొన్ని సీట్లకి 12 లక్షలు, ఎన్నారై సీటుకి 20 లక్షలు ధర కట్టింది. కన్వీనర్ కోటా పిల్లాడు కట్టేది 15 వేలు. ముగ్గురూ కోసేది ఒకే శవాన్ని, వినేది ఒకే పాఠాన్ని. ఎన్నారై సీటు కోసం డాలస్‌లో ఉన్న తోడల్లుడికి అర్ధరాత్రి ఫోన్లు చేసే కథ ఒక పుస్తకం అవుతుంది, వదిలేద్దాం.

ఇంత పోసి కొనే సరుకునైనా తిప్పి చూస్తారా? కాలేజీకి వెళ్లి హాస్టల్లో ఏసీ ఉందా అంటారు, మెస్సులో చికెన్ ఏ వారమంటారు. ఓపీకి రోజూ ఎంతమంది వస్తారు, నెలకి కాన్పులెన్ని అని అడిగే తండ్రి అపురూపం. తనిఖీ రోజున మాత్రమే మంచాలు నిండే ఆసుపత్రిలో మనవాడు ఎవరి నాడి చూసి నేర్చుకుంటాడు, వాచ్‌మన్‌దా?

ఆ అమ్మేసిన ఎకరాల్ని ఇన్నాళ్లూ కౌలుకి చేసిన మనిషికి ఏదో ఒక రోజు జ్వరమొస్తుంది. మన డాక్టరు దగ్గరికే వెళ్తాడు. రక్తపరీక్ష, డెంగీ, టైఫాయిడ్, ఎందుకైనా మంచిదని కడుపు స్కానింగు. కుర్రాడు చెడ్డవాడేం కాదు. ఐదో తారీఖున ఈఎంఐ ఉంది.