ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం ఆత్మకథ

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ నిజాం పాలనలో, 1874లో మొదలైంది. అందులోని ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం తన కథ తాను చెప్పుకుంటే, రైళ్ల కంటే ఎక్కువగా చెప్పాల్సింది తన మీద నిద్రపోయిన పిల్లల గురించే.

ఈ ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా దిగే పిల్లల్ని ఇంటి నుంచి కదిలించేవి తెలిసిన కారణాలే: తాగొచ్చి కొట్టే తండ్రి, తల్లి లేని ఇల్లు, పరీక్ష తప్పిన భయం, పట్నంలో పని దొరుకుతుందన్న ఆశ. అలాంటి పిల్లవాడి చేతిలో సంచి ఉండదు. రైలు వెళ్లిపోయినా బయటికి నడవడు. కుళాయి దగ్గర దోసిలి పట్టి కడుపు నిండేదాకా నీళ్లు తాగి, జనం ఉన్న బెంచీ చూసుకుని ఓ చివర కూర్చుంటాడు.

తెల్లారేలోపు ఎవరో ఒకరు పలకరిస్తారు. వాళ్లెవరన్న దాన్ని బట్టే తర్వాతి బతుకు. ముందే వచ్చి స్థిరపడిన కుర్రాళ్లయితే ఖాళీ సీసాలు ఏరడం, బోగీలు ఊడ్చి చెయ్యి చాపడం నేర్పుతారు. పాత సామాన్ల దుకాణంలో వచ్చిన డబ్బు రాత్రి నిద్రలో జేబులోంచి పోతుంది. ఆకలి, చలి తెలియకుండా ఉండేందుకు పంక్చర్ సొల్యూషన్‌నో, వైట్‌నర్‌నో గుడ్డలో పోసి పీల్చడం అలవాటవుతుంది. ఆ ఆవిరి మెదడును, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దళారి చేతిలో పడితే వెట్టిచాకిరీయే. ఆడపిల్లలకు ఆ ముప్పు మరీ ఎక్కువ.

రైల్వే పోలీసులో, పిల్లల హెల్ప్‌లైన్ 1098 సిబ్బందో ముందుగా పలకరిస్తే దారి మారుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, ఆదరణ లేని 18 ఏళ్ల లోపు పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. పిల్లవాడి మేలు చూసి సమితి అతన్ని ఇంటికి పంపుతుంది, లేదా ఆశ్రయం కల్పిస్తుంది. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో ఇలాంటి పిల్లల్ని వెతుకుతారు. మిగతా నెలల్లోనూ పిల్లలు దిగుతూనే ఉంటారు. అందుకే 2023లో శంకుస్థాపన జరిగిన సికింద్రాబాద్ కొత్త స్టేషన్ భవనంలో రాత్రింబవళ్లు పనిచేసే పిల్లల సహాయ కేంద్రం ఉండి తీరాలి.

పద్దెనిమిది నిండితే ఆశ్రయమిచ్చిన హోమ్ వదలాలి. 21 ఏళ్ల దాకా చేయూతకు చట్టంలో వీలుంది. అది అందనివాళ్లు స్టేషన్ దగ్గర్లోని రేతిఫైల్ బస్టాప్ పక్క ఫుట్‌పాత్‌ల మీదికి చేరి, మూటలు మోస్తూ, పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి వెళుతూ బతుకుతారు. చిరునామా లేక గుర్తింపు కార్డు రాదు. కార్డు లేక అద్దె గదీ, నిలకడైన ఉద్యోగమూ దొరకవు. దగ్గర్లో దొంగతనం జరిగితే మొదటి అనుమానం వీళ్ల మీదే. నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం ఉండాలని నియమం. అక్కడ పడకతో పాటు గుర్తింపు కార్డు, చేతిపనిలో శిక్షణ, మత్తు మాన్పించే వైద్యం కూడా అందితేనే ఈ కుర్రాళ్లు సొంత గదికీ, నెల జీతానికీ చేరగలుగుతారు.