పీకాలంటే ముందు పెట్టాలి గదా!

అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 2023 నవంబరులో తన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను ఇంటికి పంపింది. ముందు రోజే జట్టు 51-10తో గెలిచింది. అయినా పంపింది. ఆరు సీజన్లలో 45 గెలుపులు, 25 ఓటములు. అక్కడ అది నేరం కింద లెక్క. ఒప్పందం మధ్యలో తెంచినందుకు ఆయనకు ముట్టజెప్పాల్సింది ఏడున్నర కోట్ల డాలర్ల పైమాట. మన లెక్కలో 600 కోట్ల రూపాయలు దాటుతుంది. పని చేయొద్దని చెప్పడానికి ఇంత ఖర్చా అని ముక్కున వేలేసుకోకండి. మన కాలేజీల్లో ఆ బాధ లేదు. తీసేయడానికి మనిషంటూ ఉంటే గదా!

ఉద్వాసన చెప్పడం మనవాళ్ళకు చేతకాక కాదు. మదనపల్లె ఓటరు 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికల్లో గెలిపించినాయనను వెంటనే రెండోసారి అసెంబ్లీకి పంపిన పాపాన పోలేదు. పక్కనే పుంగనూరు ఆ నాలుగుసార్లూ పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డినే పట్టుకుంది. కుప్పం 1989లో చంద్రబాబును ఎక్కించుకుని ఇంతవరకూ దించలేదు. ఉంచినా, దించినా, లెక్క చూసే రోజంటూ ఒకటుంది. మదనపల్లె టమోటా మార్కెట్లోనైతే ఆ రోజు రోజూ వస్తుంది: కాయ మెత్తబడితే వేలంలో మొహమాటం ఉండదు. కాలేజీ మైదానానికే ఆ లెక్క అంటలేదు.

కాలేజీలో ఆటలు చూసే ఫిజికల్ డైరెక్టరు, అంటే పీడీ సారు పోస్టు ఒకవేళ నిండి ఉంటే, ఆయన ఏం చేస్తుంటాడు? గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళను నిలబెడతాడు. అడ్మిషన్ల కోసం పల్లెలు తిరుగుతాడు. పరీక్షల స్క్వాడ్‌కు టీ పోయిస్తాడు. ఆగస్టు 15న విజిల్ ఊదుతాడు. మైదానంలో షామియానా, లేదంటే హెలికాప్టర్ దిగడానికి గుండ్రంగా గీసిన సున్నం. తిరుపతి యూనివర్సిటీ నుంచి అంతర్ కళాశాలల ఫుట్‌బాల్ పోటీల సర్క్యులర్ వచ్చాక, రేపు బస్సనగా, ఇద్దరు కబడ్డీ కుర్రాళ్ళను, ఒక క్రికెటర్‌ను కలిపి పదకొండు మందిని తేలుస్తాడు. బూట్లు అరువు.

"సార్, గోల్ పడిందా?"

"పడినాయి నాయనా, ఏడు. అన్నీ మన దాంట్లోనే."

మరుసటి ఏడూ ఆయనే వెళ్తాడు, ఎనిమిది తెస్తాడు. పాల్గొనడమే గొప్ప అని ప్రిన్సిపాల్ శాలువా కప్పుతాడు. పక్క వీధి కార్పొరేట్ కాలేజీలో ఫిజిక్స్ సారుకు మాత్రం ర్యాంకులు తగ్గితే వచ్చే జూన్‌కు కుర్చీ ఉంటుందన్న భరోసా లేదు.

మరి ఓడిన ప్రతివాణ్ణీ తరిమేద్దామా? హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు భారత ఫుట్‌బాల్ జట్టును తీసుకెళ్ళి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయి వచ్చాడు. మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడారు. ఆ తర్వాత ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. ఉద్వాసన పడింది ఉత్త కాళ్ళకన్నమాట! 1956లో మెల్‌బోర్న్‌కు మళ్ళీ రహీంనే పంపితే జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల నుంచి బంగారం తెచ్చింది. ఇవాళ్టి టీవీ చర్చలు అప్పుడే ఉంటే, 10-1 నాటి రాత్రే ఆయన చేతికి మళ్ళీ సుద్దముక్క ఇచ్చేవాళ్ళు.

కాబట్టి ప్రిన్సిపాల్ గారూ, స్కోరు పక్కన పెట్టండి. ముందు పోస్టు నింపండి. బంతులు కొనండి. సాయంత్రం గంటన్నర మైదానం వదలండి. మూడు సీజన్లు ఆగండి. అప్పటికీ డిగ్రీ మూడో ఏటి కుర్రాడు మొదటి ఏటివాడికంటే శుభ్రంగా పాస్ ఇవ్వలేకపోతే, పీడీ చేతిలో నిక్షేపంగా కాగితం పెట్టండి. ఇవేవీ ఇవ్వకుండా ఓడారంటే పంపాల్సింది కరస్పాండెంట్‌ను. ఆయనే ఓనరు గనక ఆ ముచ్చట వదిలేద్దాం.

ఒక్క మినహాయింపు. పిల్లల టీఏ, డీఏ మిగుల్చుకునే పీడీకి మూడు సీజన్లు దండగ. వచ్చే బస్సులోంచి దారిలోనే దించేయండి. ఇంకో బస్సెక్కడానికి పదకొండు మంది చార్జీలు ఆయన జేబులోనే ఉన్నాయి.