గోరంత జాగాలో మెట్లబావి

నేను ఒక కంప్యూటర్ ఆటకు ముఖచిత్రాన్ని. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగట్లో మావాళ్లను క్యాప్సూళ్లు అంటారు. నా కొలత 920 పిక్సెళ్ల వెడల్పు, 430 ఎత్తు. అంత పెద్దగా నన్ను చూసేవాళ్లు తక్కువ. వెతుకులాట జాబితాల్లో నా బదులు నా చెల్లెలు, చిన్న క్యాప్సూల్, నిలబడుతుంది. దాన్ని 462కి 174గా వేసి ఇస్తే, అంగడి తన అవసరాన్ని బట్టి 120కి 45 దాకా కుదించేస్తుంది. ఆ కొలతలో మనిషి మొహం కందిగింజంత అవుతుంది. నాలో ఏది ఉండాలో, ఏది పోవాలో ఆ కందిగింజే తేల్చింది.

మా ఆట పేరు మెట్లబావి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన పాత మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. దాన్ని చూడ్డానికి వెళ్లిన ఒక కుర్రాడికి ఈ ఆట ఊహ అక్కడే పుట్టింది. దీపం పట్టుకున్న ఒక అమ్మాయి, వెంట ముగ్గురు తోడుగా, ఒక్కో అంతస్తు దిగుతూ పోతుంది. ఎదురైనవాటితో వంతులవారీగా పోరాడుతుంది. రోల్ ప్లేయింగ్ ఆటల్లో దీన్ని టర్న్ బేస్డ్ రకం అంటారు. కుర్రాడు ప్రోగ్రాం రాశాడు. వాళ్లక్క పగలు ఒక యానిమేషన్ స్టూడియోలో ఉద్యోగం చేసి, రాత్రిళ్లు పెన్ టాబ్లెట్ ముందేసుకుని బొమ్మలు వేసింది. నన్ను వేసిందీ ఆవిడే.

మా ముఖచిత్రాల వంశం చిన్నదేం కాదు. 1979లో రిచర్డ్ గారియట్ అనే టెక్సాస్ కుర్రాడు కంప్యూటర్ల దుకాణంలో వేసవి ఉద్యోగం చేస్తూ, యాపిల్ II మీద అకలబెత్ అనే ఆట రాశాడు. దాన్ని మొదట జిప్‌లాక్ సంచుల్లో పెట్టి ఆ దుకాణంలోనే అమ్మారు. సంచిలో పెట్టిన ముఖచిత్రాన్ని వాళ్లమ్మే గీసింది. 1986లో జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ వచ్చినప్పుడు పెట్టె మీద బొమ్మ అకీరా తోరియామా వేశాడు. తెర మీద వీరుడు నాలుగు చుక్కల బొమ్మ. అతని కత్తి, అతని ఎదుట నిలిచిన డ్రాగన్, ఆ కొట్లాటలోని హుషారు ఇవన్నీ పెట్టె మీదే నిండుగా కనపడేవి. మూడేళ్ల తర్వాత అదే ఆట డ్రాగన్ వారియర్ అనే పేరుతో అమెరికాకు పోయింది. అక్కడి ముఖచిత్రం వేరు, గీత వేరు. లోపలి ఆట ఒకటే అయినా, బయట నిలబడి పిలిచే బొమ్మ ఎవరిని పిలవాలో తెలిసి పిలవాలి. ఆ పెద్దలకు దుకాణంలో అర మీద జానెడు చోటైనా దొరికేది. నా తరానికి దొరికింది గోరంత జాగా.

మొదట్లో తమ్ముడి కోరికల చిట్టా పొడుగ్గా ఉండేది.

"నలుగురూ ఉండాలక్కా. బావి ఉండాలి, అడుగున నాగు ఉండాలి. పైన కోటగోడ కూడా వెయ్యి."

అక్క వాదించలేదు. అడిగినవన్నీ పెట్టి చిత్తుబొమ్మ వేసింది. దాన్ని కుదించి, అంగట్లోని నిజమైన జాబితాను తెరఫొటో తీసి, వేరే ఆటల బొమ్మల మధ్య అతికించింది.

"ఇందులో నాగు ఎక్కడుందో వేలు పెట్టి చూపించరా."

వాడు తెర దగ్గరికి వంగి చూశాడు. చూపించలేకపోయాడు. ఆ రాత్రే నాగు పోయింది, కోటగోడ పోయింది, ముగ్గురు తోడువాళ్లూ పోయారు. దీపం పట్టుకున్న అమ్మాయి, నడుము నుంచి పైభాగం మాత్రం, ఎడమ పక్కన మిగిలింది. ఆమె వెనక బావి. ముఖచిత్రం మీద కథంతా చెప్పాలని ఆటలు చేసేవాళ్లకు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ కథలోనే బతికారు కదా, ఉండక తప్పదు. కానీ దారినపోయే మనిషికి ఆ కథతో ఇంకా పరిచయమే లేదు. "ఇది నాలాంటివాళ్ల ఆట" అని అతనికి ఒక్క చూపులో తట్టాలి. తట్టితే ఆగుతాడు, నొక్కుతాడు. కథ చెప్పే పని ఆ తర్వాత ఆటే చూసుకుంటుంది.

రంగుల దగ్గర అసలు కష్టం ఎదురైంది. స్టీమ్ అంగడి గోడ ముదురు నీలం. బావిలోని చీకటిని అక్క వేసిందీ ముదురు నీలంలోనే. విడిగా చూస్తే ఎంత బాగుందో! అంగట్లో పెట్టేసరికి నా అంచులు గోడలో కలిసిపోయాయి. అప్పుడు ఆవిడ నన్ను మొత్తం బూడిదరంగులోకి మార్చి చూసింది. రంగులు తీసేస్తే వెలుగునీడలు నిజం చెబుతాయి. అమ్మాయి మొహం, వెనక రాయి, పేరు మూడూ ఒకే బూడిదగా కనపడ్డాయి. మళ్లీ మొదలుపెట్టింది. నాలో అన్నిటికంటే వెలుగైన చోటు ఒక్కటే ఉండాలని, దాన్ని దీపం చుట్టూ పెట్టింది. అమ్మాయి చెంపకూ జడకూ వెలుగు తగిలిన వైపు సన్నటి నారింజ గీత గీసి, ఆకారాన్ని చీకట్లోంచి విడదీసింది. నా అంచుల్లో పైమెట్లకు ఎండ పడిన రాతి పసుపు పూసింది. వెనక అంతకుముందు లెక్కలేనన్ని మెట్లుండేవి. చిన్న కొలతలో అవి గీతల గజిబిజిగా కనపడేవి. వాటిని తుడిచేసి అయిదే అయిదు వెడల్పాటి మెట్లు వేసింది, ఒక్కోటీ పైదానికంటే ఒక పాలు నల్లగా. లోతు కనపడ్డానికి అది చాలింది.

తర్వాత అక్షరాలు. పేరును రాతి మీద ఉలితో చెక్కినట్టు, పగుళ్లతో సహా ఎంతో ఓపిగ్గా గీసింది. చిన్నగా చేస్తే పగుళ్లు మురికిలా అనిపించాయి, తీసేసింది. అక్షరాల గీతలు మందం చేసి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచింది. అక్షరాల వెనక బొమ్మ సద్దుమణిగేలా చేసింది. 2015లో వచ్చిన అండర్‌టేల్ అనే ఆటను చూడండి. నల్లటి నేల మీద తెల్లటి పేరు, ఒక చిన్న ఎర్రటి గుండె. అంతటి తెగువ అందరికీ కుదరదు గానీ, పేరే బొమ్మ కాగలదని అది రుజువు చేసింది. నా చెల్లెలు చిన్న క్యాప్సూల్ విషయంలో అక్క ఆ దారే పట్టింది. అందులో అమ్మాయి లేదు. ఇంగ్లీషులో రాసిన పేరు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండింది. చివరి ఐ అక్షరం మీది చుక్క దీపపు జ్వాల అయింది.

అమ్మాయి చేతికి కత్తి ఇద్దామా అని కూడా అనుకున్నారు. కత్తి గాలిని చీలుస్తున్నట్టు వేస్తే ఊపు వస్తుంది, నిజమే. కానీ దాన్ని చూసినవాళ్లు చకచకా మీటలు నొక్కి కొట్టుకునే ఆట అనుకుంటారు. నిదానంగా ఆలోచించి ఎత్తువేసే ఆటలు ఇష్టపడేవాళ్లేమో నన్ను దాటిపోతారు. కొన్న రెండు వారాల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది. నేను అబద్ధం ఆడితే ఆ రెండు గంటల్లోనే బయటపడుతుంది. అందుకే కత్తి వద్దనుకున్నారు. దీపం, ఆచితూచి కదిలే తీరు, లోతుల్లోకి చూసే చూపు. ఆడేవాడు చేసేదీ అదే కదా. 2019 నాటి డిస్కో ఎలీసియం ముఖచిత్రం తైలవర్ణ చిత్రంలా ఉంటుంది, ఆట లోపలి మొహాలూ అలాగే ఉంటాయి. డార్కెస్ట్ డంజన్ ముఖచిత్రంలోని చిక్కటి నల్ల సిరానీడలే ఆటంతా పరుచుకుని ఉంటాయి. వాటిని చూసి కొన్నవాడికి లోపల అదే లోకం దొరుకుతుంది. మా ఆట లోపలంతా పిక్సెల్ బొమ్మలు. నేనేమో కుంచెతో వేసినట్టుంటాను. ఆ తేడా కళ్లకు కొట్టకుండా, ఆటలో వాడిన కొద్దిపాటి రంగులనే నాకూ వాడింది అక్క.

నా మీద ఏం రాయవచ్చో కూడా నియమం ఉంది. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ క్యాప్సూళ్ల మీద ఆట బొమ్మ, ఆట పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప ఇంకేమీ ఉండకూడదు. సమీక్షల మార్కులు, బహుమతుల ముద్రలు, తగ్గింపు ధరల కేకలు కుదరవు. నాకిది న్యాయంగానే తోస్తుంది. డబ్బున్న సంస్థ బొమ్మకైనా, ఇద్దరు కూర్చుని చేసిన ఆట బొమ్మకైనా చోటు ఒకటే, నియమమూ ఒకటే.

ఇచ్ డాట్ ఐఓ అంగట్లో నా రూపు ఇంకోలా ఉంటుంది. అక్కడ 630కి 500, కొంచెం చదరపు వాటం. అమ్మాయి నడిమికి జరిగింది, పేరు రెండు వరసలైంది.

ఆట కొన్నవాళ్ల లైబ్రరీకి వేరే బొమ్మ, 600కి 900 నిలువు పట్టీ. ఇప్పుడు అక్క దాని మీదే కూర్చుంది. బావికి నిలువు జాగా బాగా కలిసొచ్చింది. పైన పేరు, దాని కింద అంతస్తు తర్వాత అంతస్తు. కొన్నవాళ్లకు తోడువాళ్లు అప్పటికే తెలుసు కాబట్టి ఆ ముగ్గురికీ మెట్ల మీద తలా ఒక చోటు దొరికింది. తమ్ముడు నాగు సంగతి మళ్లీ ఎత్తాడు. "ఆడేవాళ్లు కిందికి దిగి చూడాల్సింది కూడా పైనే పెట్టేస్తే ఎలారా?" అని అక్క అడుగు అంతస్తును ఖాళీగానే ఉంచింది.