ఒక్క రౌండు బాకీ

తీర్పు రాగానే కేసు అయిపోయిందనుకునేవాళ్లు కొందరు. తీర్పు వచ్చాకే అసలు కేసు మొదలైందనుకునేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో రకంవాళ్లు క్రికెట్లో ఉన్నారు, ఎన్నికల్లో ఉన్నారు, తప్పిపోయిన పెళ్లి సంబంధాల విషయంలో మరీ ఉన్నారు. అయితే ఆ జాతిలో మేలురకం చూడాలంటే బాక్సింగ్ అభిమానుల దగ్గరికే వెళ్లాలి. మిగతా ఆటల్లో గోలు కంటికి కనబడుతుంది, పరుగు కనబడుతుంది. ఇక్కడ ఇద్దరు మనుషులు ముప్పావుగంట కొట్టుకున్నా, ఎవరూ పడిపోకపోతే, గెలిచిందెవరో రింగు పక్కన కూర్చున్న ముగ్గురు కాగితం మీద రాసిచ్చేదాకా తెలీదు. కాగితం మీద రాసిందేదైనా అప్పీలుకు పనికొస్తుంది.

నాకు బాగా తెలిసిన అప్పీలుదారు అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రంలో ఉంటారు. వరసకు బాబాయిగారు. ఎనభైల్లో గుంటూరు వైపు నుంచి ఇంజనీరు ఉద్యోగానికి వెళ్లి బ్రాక్టన్‌కి దగ్గర్లో స్థిరపడ్డారు. బ్రాక్టన్ ఒకప్పుడు బూట్ల ఫ్యాక్టరీల ఊరు. బాక్సర్ రాకీ మార్సియానో పుట్టిందక్కడే. మార్విన్ హాగ్లర్ పుట్టింది నెవార్క్‌లో అయినా బాక్సరైంది బ్రాక్టన్‌లోనే. ఊరుగాని ఊళ్లో చలికి వణుకుతున్న బాబాయిగారికి ఆఫీసులోవాళ్లంతా మొక్కే దేవుడే దేవుడయ్యాడు. పైగా ఆ దేవుడికీ కోర్టు గుమ్మం అలవాటే. తన పేరు ముందు ‘మార్వెలస్’ అని ఎవరూ సరిగ్గా చెప్పడం లేదని 1982లో చట్టప్రకారం పేరే అలా మార్పించుకున్నాడు. బాబాయిగారి దృష్టిలో న్యాయం నెగ్గింది ఆ ఒక్కసారే.

అన్యాయం 1987 ఏప్రిల్ 6న, లాస్ వేగస్ సీజర్స్ ప్యాలెస్‌లో జరిగింది. హాగ్లర్ 1980 నుంచి మిడిల్‌వెయిట్ ఛాంపియన్. 1976 తరవాత ఓడింది లేదు. 12 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఎదుటివాడు షుగర్ రే లెనార్డ్, కంటి రెటీనాకు ఆపరేషన్ అయినవాడు, ఐదేళ్లలో ఆడింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. అలాంటివాడొచ్చి పన్నెండు రౌండ్లూ చుట్టూ తిరిగి, రౌండు ముగిసే అరనిమిషంలో చకచకా నాలుగు గుద్దులు గుద్ది జడ్జీల కళ్లలో పడి, 2-1తో బెల్టు పట్టుకుపోయాడు. హాగ్లర్ మళ్లీ పోటీకి దిగలేదు. ఇటలీ చేరి సినిమాల్లో వేషాలు వేశాడు. 2021లో కాలం చేశాడు కూడా. ఆ రాత్రి టికెట్టు కొని హాల్లో తెరమీద మ్యాచ్ చూసిన బాబాయిగారు మాత్రం ఇంకా ఇంటికి రాలేదంటారు పిన్నిగారు.

ఆ ఇంటికి భోజనానికెళ్లిన తెలుగువాళ్లందరూ ఏదో ఒకనాడు లెనార్డ్ వేషం కట్టినవాళ్లే. సోఫాకీ టీవీకీ మధ్య నిలబెట్టి “కదలకు” అంటారు. తాను కుడికాలు ముందుకేసి, ఎడమ పిడికిలి గడ్డం కింద పెట్టి, ఎడమచేతి వాటంగా నిలబడతారు. “మొదటి గంట నుంచీ ఇలా నిలబడుంటే?” హాగ్లర్‌కి అలవాటైన వాటం అదే. ఆ రోజు మాత్రం మొదటి రెండు రౌండ్లు కుడిచేతి వాటంగా ఆడి చేతులారా పోగొట్టుకున్నాడు. “ఇలా వచ్చి, ఇలా ఒక్కటిస్తే?” ఇస్తే మనం సోఫాలో పడాలి. పడకపోతే మళ్లీ మొదటి రౌండు.

కిటుకంతా ఆ “కదలకు”లో ఉంది. హాగ్లర్ వాటం మార్చవచ్చు, జోరు పెంచవచ్చు, తెలివి తెచ్చుకోవచ్చు. లెనార్డ్ మాత్రం ఫొటో స్టూడియోలో స్టూలు మీద కూర్చోబెట్టిన పెళ్లికొడుకులా ఎక్కడివాడక్కడే ఉండాలి. “వాడూ ఎత్తు మారుస్తాడు కదా బాబాయిగారూ?” అని ఒకసారి అడిగాను. “మార్చడు. వాడికంత టైమివ్వం” అన్నారు.

కర్ణుడి చావుకు కారణాలనేకం అంటారు గానీ, హాగ్లర్ ఓటమికి బాబాయిగారి దగ్గర అంతకన్నా పెద్ద జాబితా ఉంది. పదిహేను రౌండ్లు పెట్టకుండా పన్నెండుతో సరిపెట్టడం. రింగు 20 అడుగులది వేసి పారిపోయేవాడికి చోటివ్వడం. గ్లవ్స్ 10 ఔన్సులవి తొడిగి దెబ్బను మెత్తబరచడం. ఇవి చెప్పేటప్పుడు ఆయన గొంతు బొంగురుపోతుంది, కొత్తగా వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. పాతవాళ్లకు తెలిసిన సంగతేమిటంటే, ఈ మూడూ లెనార్డ్ అడిగాడు, హాగ్లర్ ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నందుకు డబ్బు ఎక్కువ పుచ్చుకున్నాడు. కర్ణుడు కవచకుండలాలు దానమిచ్చాడు. ఈయన రేటు మాట్లాడుకుని ఇచ్చాడు. ఈ తేడా ఆ ఇంట్లో పైకి అనకూడదు. అంటే రెండోసారి పెరుగు వడ్డించరు.

జడ్జీల కథ ఇంకా బాధాకరం. లూ ఫిలిప్పో 115-113 హాగ్లర్‌కిచ్చాడు. డేవ్ మొరెట్టి అదే 115-113 లెనార్డ్‌కిచ్చాడు. మూడోవాడు జో జో గెర్రా 118-110 లెనార్డ్‌కి రాశాడు, అంటే పన్నెండింట్లో పది రౌండ్లన్నమాట. లెనార్డే గెలిచాడని ఒట్టేసేవాళ్లు కూడా ఆ కార్డును వెనకేసుకు రారు. గెర్రా పేరెత్తితే చాలు, పిన్నిగారు లేచెళ్లి కిటికీలు మూసేస్తారు, పక్కింటివాళ్లకి తెలుగు రాకపోయినా సరే. అయితే ఆ కుర్చీలో ముందు కూర్చోవలసినవాడు ఇంగ్లండు జడ్జి హ్యారీ గిబ్స్. ఆయనొద్దు, మెక్సికో జడ్జి కావాలని పట్టుబట్టింది సాక్షాత్తూ హాగ్లర్ మనుషులే. గిబ్స్ తిరిగెళ్లి ఇంట్లో టీవీలో మ్యాచ్ చూసి, నేనైతే హాగ్లర్‌కే ఇచ్చేవాణ్నన్నాడు. ఈ ముక్క దగ్గరికి రాగానే బాబాయిగారు “సరే, అదొకటి జరిగిందిలే” అని గబగబా దాటేస్తారు.

నిజానికి గెర్రా మీద అంత కోపం దండగ. ఆయన 118-110 మాని 115-113 రాసినా లెనార్డే గెలిచేవాడు. కావలసిందల్లా మొరెట్టి కార్డు మీద ఒకే ఒక్క రౌండు. అది ఇటు తిరిగితే ఆ కార్డు 114-114. ఒకరు హాగ్లర్, ఒకరు లెనార్డ్, ఒకరు సమానం, కనుక మ్యాచ్ డ్రా. డ్రా అయితే బెల్టు ఛాంపియన్ దగ్గరే ఉండిపోతుంది. ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపించిన రోజున బాబాయిగారు నన్ను కావిలించుకున్నారు. “ఒక్క రౌండురా! ఒక్క రౌండు బాకీ పడ్డారురా వాళ్లు మనకి!” నోటిదురద కొద్దీ నేను 1979 గుర్తుచేశాను. అదే సీజర్స్ ప్యాలెస్‌లో హాగ్లర్ వీటో ఆంటువోఫెర్మో మీద టైటిల్ కోసం 15 రౌండ్లు ఆడితే డ్రా అన్నారు, బెల్టు ఆంటువోఫెర్మోకే మిగిలింది. ఆ రూలు పెట్టినవాణ్ని బాబాయిగారు ఎప్పుడూ తిడుతూనే ఉంటారు. 1979లో అధర్మమైంది 1987లో ధర్మమెలా అయింది? ఆయన తడుముకోలేదు. “కాలాన్ని బట్టి ధర్మం. భారతం చదివిన మొహమైతే తెలిసేది.”

పిన్నిగారి తీర్పు వేరు. ఆవిడ మ్యాచ్ మొత్తం ఎప్పుడూ చూడలేదు, వంటింట్లోంచి వస్తూ పోతూ చూసిందే. అయినా తీర్పులో తడబాటు లేదు. “ఆ నవ్వుమొహం అబ్బాయిది. సెవెనప్ ప్రకటనలో కొడుకుతో ఎంత ముచ్చటగా ఉండేవాడు! మీ గుండాయన ఎప్పుడూ ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు చూస్తాడు.” ఇది విని బాబాయిగారు “గెర్రా నీకు తమ్ముడే” అని కోప్పడతారు గానీ, ఆ రాత్రి లెనార్డ్ పన్నాగమంతా ఈ మాటలోనే ఉందని నా అనుమానం. ముగాబీతో హాగ్లర్ ఆడిన మ్యాచ్‌ను 1986లో రింగు పక్కన కూర్చుని చూసి, ఇతను నెమ్మదించాడు, నేను గెలవగలనని లెక్కేసుకుని వచ్చినవాడతను. కొట్టడం ఎంత ముఖ్యమో, కొట్టినట్టు కనబడటం అంత ముఖ్యమని తెలిసినవాడు. బాబాయిగారికి ఇక్కడా ఒక అప్పీలుంది. ఆ ముగాబీ మ్యాచ్ రోజున లెనార్డ్‌ని ఎవరైనా భోజనానికి పిలిచి ఉండాల్సింది.

సొంత కేసు మూలపడిన రోజుల్లో పరుల కేసులు ఉచితంగా వాదిస్తారు. 1927లో షికాగోలో డెంప్సీ కొట్టిన దెబ్బకు టన్నీ ఏడో రౌండులో చతికిలబడితే, డెంప్సీ దూరంగా మూలకు పోకుండా మీదే నిలబడ్డాడని రిఫరీ లెక్క ఆలస్యంగా మొదలెట్టాడు. టన్నీకి దాదాపు 14 సెకన్లు దక్కాయి, లేచి గెలిచాడు. 1941లో బిల్లీ కాన్ పన్నెండు రౌండ్లు ఆడాక రెండు స్కోరు కార్డుల్లో జో లూయిస్ కంటే ముందున్నాడు. తప్పించుకు తిరిగితే టైటిల్ తనదే. నాకౌట్ చెయ్యాలని బుద్ధిపుట్టి పదమూడో రౌండులో ఎదురెళ్లి తానే నాకౌటయ్యాడు. 1990లో మెల్డ్రిక్ టేలర్ చావెజ్ మీద ఆఖరి రౌండు దాకా నెగ్గుకొచ్చి కింద పడి లేచాడు. ఇంకా రెండు సెకన్లుండగా రిఫరీ రిచర్డ్ స్టీల్ ఆట ఆపేశాడు. కాన్ పడిపోయిన రౌండుకీ మిగిలింది సరిగ్గా రెండు సెకన్లే. ఈ సంగతి తెలిసినప్పట్నుంచి బాబాయిగారు మైక్రోవేవ్ ఆఖరి రెండు సెకన్లు ఎవరినీ తలుపు తియ్యనివ్వరు.

ఇలాంటివాళ్ల అప్పీలును ఎవరూ విచారణకు తీసుకోలేదనుకుంటే పొరపాటు. ముర్రే వోరోనర్ అనే రేడియో ఆయన 1967లో పాత ఛాంపియన్లందరినీ కంప్యూటర్లోకెక్కించి కొట్టించాడు. అందులో మహమ్మద్ అలీ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. ఒంటికి దెబ్బ తగల్లేదు గానీ పరువుకు తగిలింది, అలీ దావా వేశాడు. చివరికి రాజీగా, అప్పుడు నిషేధంలో ఉన్న అలీనీ, ఎప్పుడో ఆట మానేసిన మార్సియానోనీ స్టూడియోలో నిలబెట్టి ఉత్తుత్తి యుద్ధం చిత్రీకరించారు. మార్సియానో ఒళ్లు తగ్గించుకుని, తలకు విగ్గు పెట్టుకుని వచ్చాడు. రకరకాల ముగింపులు తీశారు. 1970లో అమెరికా హాళ్లలో మార్సియానో పదమూడో రౌండులో అలీని నాకౌట్ చేశాడు. యూరప్‌లో చూపించిన దాంట్లో అలీ గెలిచాడు. సినిమా విడుదల కాకముందే విమాన ప్రమాదంలో పోయిన మార్సియానో ఈ రెండూ చూడలేదు. బాబాయిగారికి ఇది ఆదర్శ న్యాయవ్యవస్థ. ఏ దేశంవాళ్లకు ఏ తీర్పు కావాలో అది పంపిస్తే గొడవేముంది?

మొన్నీమధ్య బోస్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్న కుర్రాడొకడు భోజనానికొచ్చాడు. వినయవంతుడు, మూడు నెలలుగా పప్పన్నం చూడనివాడు. మ్యాచ్ అంతా కళ్లార్పకుండా చూశాడు, గెర్రా దగ్గర నాలిక్కరుచుకున్నాడు, అయిపోయాక “డౌటే లేదంకుల్, హాగ్లరే గెలిచారు” అన్నాడు.

బాబాయిగారి మొహం వాడిపోయింది. కాసేపు రిమోటు అటూ ఇటూ తిప్పారు.

“అంత తేలిగ్గా ఎలా చెప్తావయ్యా? మొదటి రెండు రౌండ్లు అప్పనంగా వదిలేసినవాడు ఎలా గెలుస్తాడు? ఆ లెనార్డ్ కాళ్లు చూశావా అసలు? ఐదేళ్లు ఇంట్లో కూర్చున్నవాడు ఆడే ఆటేనా అది? లే, లేచి హాగ్లర్‌లా నిలబడు, చూపిస్తాను.”

వంటింట్లోంచి పిన్నిగారు గరిటెతో సహా వచ్చారు. “ఇన్నేళ్లూ నేను చెప్పిందదే కదండీ, ఆ అబ్బాయే గెలిచాడని?”

“నువ్వూరుకో. ఆ మ్యాచ్ హాగ్లర్‌ది!”