రెండు లోపాలు

మా బావది ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర ఊరు. వర్జీనియా పొగాకు పండే నేల. చిన్నప్పుడు క్యూరింగ్ రోజుల్లో, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ పక్కనే నులకమంచం వేసుకుని రాత్రంతా కాపలా ఉండేవాడు. వేడి కొంచెం అటూ ఇటూ అయినా ఆకు పాడవుతుంది, ధర పడిపోతుంది. అందుకని మధ్యమధ్యలో లేచి థర్మామీటర్ చూసి, పొయ్యి ఎగదోసి రావాలి. ఆ కాపలా రాత్రుల్లోనే సిగరెట్ అలవాటైంది. ఎండాకును వేళ్ళ మధ్య నలిపి చూసి వేలంలో ఏ గ్రేడు కింద పోతుందో చెప్పేయగల మనిషి. ఆ అలవాటు ఊళ్ళోనే ఆగిపోలేదు, ఇంగ్లండ్‌లోని లెస్టర్ దాకా వెంట వచ్చింది.

మా అక్క అక్కడి ఆసుపత్రిలో నర్సు. బావకి పార్సిళ్ళ గోడౌన్‌లో రాత్రి డ్యూటీ. నేను వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఉంటాను. ఇరవై సిగరెట్ల పెట్టె 15 పౌండ్లు దాటిన దేశంలో నెలకి ఎంత డబ్బు బూడిదవుతోందో అక్క కాగితం మీద రాసి చూపించినా బావ చలించలేదు. చలించేలా చేసింది మా మేనకోడలు. పదమూడేళ్ళ పిల్ల. ఒకరోజు పొద్దున బావ డ్యూటీ నుంచి వచ్చి దగ్గరికి తీసుకోబోతే ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. "అది మానేదాకా నన్ను ముట్టుకోకు నాన్నా" అంది. ఆ తర్వాత కోటు జేబుల్లోని పెట్టెలు మాయమై, పెరటి చెత్తడబ్బాలో నీళ్ళలో నానిపోయి కనిపించేవి. ఇంకెవరైనా అయితే బావ ఇల్లెక్కి అరిచేవాడు. ఆ పిల్లని ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఒకసారి ఫోన్ చేసి, "బిడ్డ నన్ను చూసి ముక్కు మూసుకుందిరా" అన్నాడు. ఆ గొంతు నేను మర్చిపోలేను.

లెస్టర్‌లో పొగ మాన్పించే సేవాకేంద్రం ఉంది. ఈ-సిగరెట్ సాయంతో మానతానని వచ్చినవాళ్ళను వెనక్కి పంపకుండా 2014లోనే ఆదరించింది, బ్రిటన్‌లో ఆ పని మొదట చేసింది వాళ్ళే. 2023లో అక్కడి ప్రభుత్వం పది లక్షల మంది పొగతాగేవాళ్ళకు ఈ-సిగరెట్ (వేప్) కిట్లు ఉచితంగా ఇప్పిస్తామని పథకం ప్రకటించింది. బావకి కిట్ ఆ కేంద్రంలోనే ఇచ్చారు. వెళ్ళిన మొదటి రోజు ఒక యంత్రంలోకి ఊదమన్నారు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో అది చూపిస్తుంది. అంకె 24 వచ్చింది. నెల తిరిగాక మళ్ళీ ఊదితే 2. బావ ఆ కాగితం ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాడు. పిల్ల దాని పక్కన నక్షత్రం బొమ్మ వేసింది.

గోడౌన్‌లో మన తెలుగు కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. బావ సిగరెట్ మానేశాడని తెలిసి అందరూ చుట్టూ మూగారట. ఏం వాడావు, ఎంతవుతుంది, ఎట్లా ఉంటుంది అని. ఒక్కొక్కరికి చెప్పలేక బావ నోట్‌బుక్ పెట్టాడు. ఏరోజు ఏం గమనించాడో అందులో రాసేవాడు. దాన్ని వరుసగా, అర్థమయ్యే తెలుగులో సమీక్షలాగా రాసిపెట్టమని నా మీద పెట్టాడు. నేను ఒక్క షరతు పెట్టాను. ఎన్నడూ సిగరెట్ కాల్చనివాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదన్న మాట అన్నిటికంటే పైన ఉండాలి. పొగాకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ రావు, అది నిజమే. కానీ నికోటిన్ నికోటినే. సిగరెట్లో ఉన్నవాడిని బయటికి లాగడానికి పనికొచ్చేది, బయట ఉన్నవాడిని లోపలికి లాగడానికీ పనికొస్తుంది. బావ వెంటనే ఒప్పుకున్నాడు. "ముందు అదే రాయి. పెద్దక్షరాలతో రాయి" అన్నాడు.

వస్తువు బ్రాండు పేరు ఇక్కడ చెప్పను. వేలెడు పొడుగు, అరచేతిలో ఇమిడిపోతుంది. మీట ఏమీ లేదు. నోట పెట్టుకుని లాగితే లోపలి సెన్సర్ గాలి కదలికను పసిగట్టి బ్యాటరీని పని చేయిస్తుంది. పైన చిన్న పారదర్శకమైన పాడ్, అందులో 2 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది. బ్రిటన్ చట్టంలో అంతకు మించి ఉండకూడదు. నికోటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, నింపుకునే సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. వాడి పారేసే రకం వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి అక్కడ నిషేధించారు. బ్యాటరీలతో సహా చెత్తలోకి పోతున్నాయని, బడి పిల్లల చేతుల్లోకి చేరుతున్నాయని. అప్పటినుంచి దుకాణాల్లో ఇలా మళ్ళీ మళ్ళీ వాడుకునే రకాలే అమ్మాలి.

పాడ్ పక్కన సిలికాన్ బిరడా గోటితో లేపి, సీసా మూతి ఆనించి నొక్కితే ద్రవం దిగుతుంది. లోపల తీగ జల్లెడ, దాన్ని అంటిపెట్టుకుని దూది. దీపంలో వత్తి నూనెను పీల్చుకున్నట్టు ఆ దూది ద్రవాన్ని పీల్చుకుని తీగకు అందిస్తుంది. తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. దూది నానకముందే లాగితే ద్రవం బదులు దూదే మాడుతుంది. ఒకసారి మాడిందా, ఆ పాడ్ ఇక పారేయాల్సిందే, ఆ రుచి పోదు. కొత్త పాడ్ నింపాక పది నిమిషాలు ఆగమని పెట్టెలోని కాగితంలో చీమంత అక్షరాల్లో ఉంటుంది. బావకి ఆ కాగితంతో పని పడలేదు. ఆయన పద్ధతే వేరు. పొద్దున ఏడింటికి ఇంటికి వచ్చి, అక్క డ్యూటీకి, పిల్ల బడికి వెళ్ళే హడావుడిలో పెరట్లో నాలుగు దమ్ములు లాగి, పాడ్ నింపి వంటగది కిటికీలో నిలబెట్టి పడుకుంటాడు. సాయంత్రం ఐదింటికి లేస్తాడు. గోడౌన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు కనుక డ్యూటీలో నికోటిన్ గమ్ నములుతాడు.

ఈ-సిగరెట్‌ను కనిపెట్టినవాడు చైనా ఫార్మసిస్టు హాన్ లిక్. ఆయనా విపరీతంగా సిగరెట్లు కాల్చినవాడే, తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఆ సంగతి చెబితే బావ నోట్‌బుక్‌లో పక్కన రాసుకున్నాడు. ఒంగోలు నుంచి చిన్ననాటి స్నేహితుడు తనకీ ఒకటి తెమ్మని ఫోన్ చేశాడు. అది మాత్రం కుదరదని నేనే ఆపాను. మన దేశంలో 2019 చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం.

సమీక్షలో మెచ్చుకోళ్ళు ఎక్కువే. ఛార్జింగ్ ఫోన్ తీగతోనే అవుతుంది. జేబులో పెట్టుకున్నా చొక్కాకి మరక లేదు. గొంతు పట్టదు. ఖర్చు సిగరెట్లతో పోలిస్తే లెక్కలోకే రాదు. రుచి దగ్గరే బావ పేచీ. పొగాకు రుచి అని రాసిన సీసా మూత తీసి, బ్యారన్ తలుపు సందులోంచి ఆకు వాసన పట్టినట్టు కళ్ళు మూసుకుని పట్టాడు. "ఇందులో పొగాకు ఏడుందిరా? బెల్లప్పాకం వాసనొస్తంది" అన్నాడు. అయినా నెలన్నర అదే వాడాడు. సీసాకి ఐదు సార్లు నింపుకోవచ్చు, రోజుకో పాడ్, ఐదు రోజులకో సీసా. తేడా లేకుండా నడిచింది.

తర్వాత రుచి మార్చాడు. ఎంచి ఇచ్చింది పిల్లే. "ఆ వాసన వద్దు నాన్నా, మామిడిపండుది తెచ్చుకో, ఇల్లంతా బాగుంటుంది" అందట. తండ్రి దగ్గర వాసన బాగుండాలని కోరుకునే కూతురు! బావ ఎగిరి గంతేసి తెచ్చుకున్నాడు.

అప్పటినుంచే లెక్క తప్పింది. ఐదు రోజులు రావాల్సిన సీసా మూడు రోజులకే అయిపోయేది. పొద్దున నిండుగా నింపి పడుకుంటే సాయంత్రానికి పాడ్ సగానికి దిగి ఉండేది. కారుతోందని బావ తేల్చేశాడు. నేను వెళ్ళి పాడ్ ఊడదీసి, అది కూర్చునే గుంటలో దూది పుల్ల తిప్పి చూశాను. తడి ఉన్నదీ లేనిదీ అన్నట్టుంది. ఆ మాత్రం ఏ పాడ్ కిందనైనా ఉంటుంది. పేపర్ నాప్‌కిన్ మడిచి దాని మీద నిలబెట్టి పడుకోమన్నాను. సాయంత్రం నాప్‌కిన్ పొడిగా ఉంది, పాడ్ మాత్రం సగమే ఉంది. మామిడి ద్రవం పలచన కాబట్టి ఎటో పోతోందన్నాడు బావ. రెండు సీసాల లేబుళ్ళూ పక్కపక్కన పెట్టి చదివాను. రెండింట్లోనూ ప్రొపిలీన్ గ్లైకాల్ సగం, వెజిటబుల్ గ్లిసరిన్ సగం. చిక్కదనంలో తేడా ఉండటానికి కారణం కనబడలేదు. నాకు ఏమీ తోచలేదు.

ఆ వారంలోనే ఇంకొకటి. పాత పాడ్ తీసేసి కొత్తది పెట్టాడు, నింపాడు, పడుకున్నాడు. లేచి మొదటి దమ్ము లాగేసరికి మాడు కంపు. గొంతు గీరుకుపోయి దగ్గుతూ నాకు ఫోన్ చేశాడు. దుకాణానికి తీసుకెళ్తే కౌంటర్ దగ్గర ఉన్నామె పాడ్‌ని వెలుతురుకి ఎత్తి చూసింది. లోపల దూది మధ్యలో గోధుమరంగు మచ్చ. మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చింది. దూది సరిగా కూర్చోని పాడ్ ఎక్కడైనా ఒకటి వస్తుంది కదా అని మేమూ ఊరుకున్నాం.

చివరికి బావ విసిగిపోయి పాత పొగాకు రుచికే తిరిగి వచ్చాడు. పిల్ల మొహం చిట్లించింది గానీ ఏమీ అనలేదు. కారడం ఆ రోజుతో ఆగిపోయింది. మళ్ళీ సీసా ఐదు రోజులు. బావ ముఖంలో ఎంత సంతృప్తో! పరిశోధన చేసి తేల్చినవాడిలా నోట్‌బుక్‌లో గీత గీసి రాసుకున్నాడు. పండ్ల రుచులు ఈ పాడ్‌లో కారతాయి, పొగాకు రుచి కారదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం చేశాక నేను రాసుకెళ్ళిన సమీక్ష చదివి వినిపించాను. అక్క గిన్నెలు సర్దుతోంది. మేనకోడలు బల్ల చివర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పొగతాగనివాళ్ళు ముట్టకూడదన్న మొదటి వాక్యం దగ్గర బావ, "ఆ ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. తర్వాత ఖర్చు, ఛార్జింగ్, రుచి. తర్వాత మొదటి లోపం, మామిడి ద్రవం కారడం. బావ తలూపాడు.

"రెండో లోపం. కొత్త పాడ్‌లలో కొన్ని సరిగా తయారు కావడం లేదు. ఒకటి మొదటి దమ్ముకే మాడిపోయి ఉంది..."

"అది పాడ్ తప్పు కాదు మావయ్యా" అంది పిల్ల, పుస్తకంలోంచి తలెత్తకుండానే. "కొత్తది నింపగానే లాగితే అట్లాగే మాడిద్ది. పది నిమిషాలు నాననియ్యాలి."

బావ నవ్వాడు. నోట్‌బుక్ ముందుకు లాక్కుని ఆ రోజు రాసుకున్న పేజీ తిప్పి, వేలు పెట్టి చూపిస్తూ కూతురికి ఓపిగ్గా చెప్పసాగాడు.

"నేను నింపగానే లాగలేదు తల్లీ. ఇదిగో, పొద్దున ఏడున్నరకి నింపా, కిటికీలో పెట్టా, పడుకున్నా. మళ్ళీ సాయంత్రం నేను లేచిందాకా దాన్ని ఎవరు లాగా..."