బిందుబ్రహ్మకు శతకోటి దండాలు

అమూర్త చిత్రకళా సార్వభౌమా! దేహాన్నీ ప్రకృతినీ పరమాత్మనూ ఒకే కాన్వాసు మీద, అదీ రంగు ఆరకముందే అమ్ముడుపోయేలా ఇమిడ్చిపెట్టగల మీ ప్రజ్ఞను పొగడడానికి నా దగ్గర మాటలు చాలవు. మీ కేటలాగు రాసిపెట్టిన పెద్దమనిషిని నాలుగు మాటలు అప్పడుగుదామంటే ఆయన దగ్గరా మూడే ఉన్నాయి: శక్తి, చైతన్యం, అనంతం. పాపం, వాటినే అటు తిప్పి ఇటు తిప్పి అన్ని పేజీలూ నింపాడు. మీ కుంచె దేహానికీ విశ్వానికీ మధ్యనున్న గోడను కరిగించేస్తుందట. కరిగిందో లేదో గానీ, మీ బొమ్మ తగిలించడానికి మేకు దిగేంత గోడ ఇంకా మిగిలే ఉంది. అదీ మా అదృష్టమే.

మీ గొప్పతనం తెలియాలంటే మీకంటే ముందు ఈ దారిన నడిచిన అమాయకుల సంగతి చెప్పుకోవాలి.

సయ్యద్ హైదర్ రజానే తీసుకోండి. 1922లో మధ్యప్రదేశ్ మండ్లా అడవుల్లో పుట్టాడు. తండ్రిది అటవీశాఖలో ఉద్యోగం. బళ్ళో కుదురు లేని ఈ పిల్లవాణ్ణి మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారని రజాయే చెప్పుకునేవాడు. అంత తేరగా చుక్క చేతికందితే తెలివైనవాడెవడైనా వదులుతాడా? ఆయన వదిలేశాడు. బొంబాయి వీధులు గీశాడు, కాశ్మీరం గీశాడు, 1950లో పారిస్ వెళ్ళి అక్కడి పల్లెల్లో ఇళ్ళూ చర్చిలూ గీశాడు. 1956లో ఫ్రెంచి విమర్శకుల బహుమతి కూడా కొట్టుకొచ్చాడు. ఇంత తిరిగి తిరిగి, అరవయ్యో పడికి దగ్గరపడ్డాక గానీ ఆ గోడ మీది చుక్క ఆయన కాన్వాసు మీదికి దిగలేదు. మరి మీరో? కాలేజీ మెట్లు దిగిన మరుసటి ఏడాదే 'బిందు' అని సీరీస్ ప్రకటించారు. మధ్యలో వీధులూ ఇళ్ళూ చర్చిలూ ఏవీ అడ్డురాలేదు. ముప్పయ్యేళ్ళ పారిస్ ఖర్చు కలిసొచ్చింది.

హాలండు మాండ్రియన్‌ది ఇంకో చాదస్తం. ఆయనకు చెట్టు కావాలి. 1908లో మొదలుపెట్టి ఎర్రచెట్టు గీశాడు, 1911లో బూడిదరంగు చెట్టు, ఆ మరుసటేడు పూతపూసిన ఆపిల్ చెట్టు. బొమ్మ బొమ్మకూ కొమ్మలు రాలిపోతూ వచ్చి, చివరికి కొన్నాళ్ళకు నిలువుగీతలూ అడ్డగీతలూ మాత్రమే నిలిచాయి. చెట్టును వదలాలంటే ముందు చెట్టును పట్టుకోవాలని ఎవరు చెప్పారో ఆయనకు! మీరు అసలు ఎక్కనే లేదు కనక దిగే ప్రయాస లేదు.

ఇక స్వీడన్ హిల్మా ఆఫ్ క్లింట్. అందరికంటే జాలి వేసేది ఈవిడ మీదే. అకాడమీలో చదివింది, పూలమొక్కలను ఆకు ఆకునా ఈనె ఈనెనా గీసింది, పశువైద్య సంస్థలో బొమ్మలు వేసే ఉద్యోగమూ చేసింది. అప్పుడు గానీ అమూర్తం జోలికి రాలేదు. 1906 నుంచి 1915 దాకా గుడి కోసమని 193 చిత్రాలు వేసింది. ఆ గుడి ఎప్పుడూ కట్టలేదు. ఆ చిత్రాల్లో పది ఒక్కోటీ మూడు మీటర్లకు పైన ఎత్తు. బాల్యం, యవ్వనం, నడివయసు, ముసలితనం, మనిషి బతుకంతా వాటిలో వలయాలూ తీగలూ అయి తిరుగుతుంది. అంత చేసి ఏం చేసిందయ్యా అంటే, తాను పోయాక ఇరవయ్యేళ్ళ దాకా ఎవరికీ చూపించవద్దని రాసిపెట్టింది! 1944లో కన్నుమూసింది. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి ఎవరు, దీపం ఎవరు వెలిగిస్తారు, ఏ పేపరు వాళ్ళు వస్తున్నారు అన్న ఆలోచన ఒక్కటీ లేని మనిషి. మీరైతే బొమ్మ సగంలో ఉండగానే దాని పక్కన నిలబడి రీలు చేసి పెట్టారు. లోకం ఇరవయ్యేళ్ళు ఆగక్కర్లేకుండా కాపాడారు.

ఇక్కడ ఒక తమాషా కూడా చెప్పుకోవాలి. ఈ మాండ్రియన్, ఇదే దారిన నడిచిన రష్యా కాండిన్‌స్కీ, ఈ హిల్మా, అందరూ దివ్యజ్ఞాన సమాజం రాతలు చదివి ఒళ్ళు మరిచినవాళ్ళే. ఆ సమాజం ప్రధాన కార్యాలయం 1882 నుంచీ మద్రాసు అడయారులో ఉంది. అంటే ఇక్కడి సరుకే కొంత సముద్రాలు దాటి యూరపులో గీతలూ వలయాలూ అయి, మళ్ళీ ఆధునికత పేరుతో మన గ్యాలరీల్లో దిగింది. ఆ రాకపోకల దిగుమతి సుంకం మాత్రం మీరు కొనేవాళ్ళ చేతనే కట్టిస్తున్నారు. వ్యాపారదక్షత అంటే అదీ!

సరే, మీ బొమ్మ దగ్గరికే వద్దాం. 'గర్భగృహం-4'. ముదురు కుంకుమరంగు నేల. మధ్యలో కోడిగుడ్డంత నున్నగా ఒక అండం. దాని అంచు కత్తితో కోసినట్టుంటే మీ చేతి నిబ్బరానికి అబ్బురపడ్డాను, తర్వాత కింది మూల తొలగించడం మరిచిన మాస్కింగ్ టేపు ముక్క కనిపించింది. అండం కింద నిలువుగీత, గీత మీద ఏడు చుక్కలు, పై చుక్క ఊదారంగు. చుట్టూ బంగారు రేకు. రేకు కింద దువ్వెనతో గీకిన చాళ్ళు. అది కుండలిని అని చీటీలో ఉంది. ఇదంతా మానవదేహమట.

ఎంత శుచి అయిన దేహం! దీనికి చెమట పట్టదు. మోకాళ్ళు నొప్పి పుట్టవు. కాన్పు తర్వాత పొట్ట మీద మిగిలే చారలు లేవు. బస్తాలు మోసి కాయ కాసిన భుజం లేదు. ఆకలి లేదు, కులం లేదు, ముసలితనం రాదు. దేవతలకు కూడా కనీసం కాళ్ళూ చేతులూ ఉంటాయి, మీరు వాళ్ళనూ దాటిపోయారు. ఎముక ఎక్కడ వంగుతుందో, కండ ఎక్కడ బిగుస్తుందో తెలుసుకోవడానికి మోడల్‌ను గంటలకొద్దీ కూర్చోబెట్టి స్కెచ్ పుస్తకాలు నింపే దరిద్రం మీకెందుకు? మన లక్ష్మా గౌడ్ మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చి, పల్లె ఆడమనిషినీ మగమనిషినీ చివరికి మేకను కూడా గీత గీతకూ ఒళ్ళు తెలిసేట్టు గీస్తే, కామం కూడా ఆ ఒంటిలోంచే పుట్టుకొచ్చింది. మీకు మేకల వాసన పడదు. అండం చాలు. అందులో యోని అనుకున్నవాడికి యోని, లింగం అనుకున్నవాడికి లింగం, ఆమ్లెట్ అనుకున్నవాడికి అదీ. 'మీకేమనిపిస్తే అదే' అని చిరునవ్వు నవ్వుతారు చూడండి, ఆ నవ్వులో ఉంది అసలైన అద్వైతం. బొమ్మకు అర్థం చెప్పాల్సిన బాధ్యతను చూసేవాడి నెత్తిన పెట్టి, డబ్బు మాత్రం మీరు పుచ్చుకుంటారు.

ప్రకృతి విషయంలో మీ ఉదారత ఇంకా పెద్దది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను తాతల నాటి నుంచీ చూస్తున్నాం. చెట్టూ లేకుండా కాయా లేకుండా ఉత్త పేరొక్కటే అమ్మగలగడం మీ సొంతవిద్య. ఎడమవైపు ఆకుపచ్చ, కుడివైపు కాషాయం, మధ్యన ఒక తెల్లచీలిక, పేరు 'ప్రకృతి పురుష'. అంతే, సాంఖ్యం మొత్తం అయిపోయింది. ఆ ఆకుపచ్చ ఏ ఆకుదని అడిగే మూర్ఖుడు ఎవడూ రాలేదు. వేపచిగురు ఫాల్గుణంలో రాగిరంగులో ఉంటుందని, నడివేసవికి ముదురుతుందని మీకు చెప్పి విసిగించను. ట్యూబులోంచి వచ్చేది ఏడాది పొడుగునా ఒకే పచ్చ.

మీ 'శిలాధ్యానం' కూడా చూశాను. హైదరాబాదులో గచ్చిబౌలి వైపు ఒక అద్దాల భవనంలో, లిఫ్టుల పక్కన, దీపాలు పెట్టి మరీ తగిలించారు. ఈ నగరం గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. గాలీ వానా చెక్కి చెక్కి ఒకదాని మీద ఒకటి నిలబెట్టినవి. వాటిని కాపాడుకోవాలని 1996లో కొందరు ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. అటువంటి గుండ్లను మందుపాతర పెట్టి పేల్చి, ఆ చోటనే ఈ భవనం లేపారు. లేపాక గోడ బోసిగా ఉందని మీ దగ్గరికొచ్చి, రాయి తాలూకు ఆత్మను బూడిదరంగులో నాలుగడుగుల మేర వేయించుకున్నారు. రాయి పోయినా రాయి ఆత్మ దక్కింది. ఇంతకంటే ప్రకృతిసేవ ఏముంటుంది?

ఆధ్యాత్మికం దగ్గరికి వచ్చేసరికి నా చేతులు వాటంతటవే జోడించుకుంటున్నాయి. మీకు ముందు తాంత్రిక చిహ్నాలతో బొమ్మలేసినవాళ్ళు ఎంత ఆలస్యం చేశారని! కాశ్మీరం నుంచి జి.ఆర్. సంతోష్, పుట్టుకతో ముస్లిం, భార్య పేరును తన పేరుగా కట్టుకున్నవాడు, 1964లో అమరనాథ్ గుహకు వెళ్ళివచ్చి కాశ్మీర శైవం చదవడానికి కూర్చున్నాడు. చదువు ముందూ బొమ్మ తర్వాతా. మన పి.టి. రెడ్డిగారు, కరీంనగర్ జిల్లా అన్నవరం వారు, బొంబాయి జె.జె. స్కూల్లో నేర్చుకుని, ఏళ్ళ తరబడి మనుషులనూ ఊళ్ళనూ గీసి, ఆ తర్వాత గానీ తంత్రం వైపు రాలేదు. 1966లో అజిత్ ముఖర్జీ తంత్రకళ మీద పుస్తకం వేస్తే దేశవిదేశాల చిత్రకారులు దాన్ని కళ్ళకద్దుకుని చదివారు. మీకు పుస్తకం బరువు కూడా లేదు, ఫోన్‌లో 'యంత్ర' అని కొడితే వంద వస్తాయి.

కానీ మీ సంస్కరణాభిలాషను మాత్రం వేరేగా మెచ్చుకోవాలి. శ్రీచక్రం అంటే 9 పెద్ద త్రికోణాలు. పైకి చూసేవి 4, అవి శివుడివి. కిందికి చూసేవి 5, అవి అమ్మవారివి. అవి ఒకదాన్నొకటి కోసుకుంటూ పోవాలి, మూడేసి గీతలు కలవాల్సిన చోట అచ్చంగా ఒకే చుక్కలో కలవాలి. ఒక్క గీత వెంట్రుకవాసి జరిగితే తక్కినవన్నీ జరిగిపోతాయి. చేత్తో గీసినవాళ్ళకు తెలుస్తుంది ఆ నరకం. చుట్టూ 8 దళాలు, ఆపైన 16, బయట మూడు గీతల భూపురం. ఇంత తతంగాన్ని మీరు మీ 'శ్రీ అనంతం'లో ఎంత తేలిక చేశారు! పైకి 3, కిందికి 3. శివుడికి ఒకటి కోసి, అమ్మవారికి రెండు కోసి, ఇద్దరినీ సమానం చేశారు. ఏ శాక్తేయుడూ చెయ్యలేని పని. దాని కింద మీ సంతకం మాత్రం ఒక్క అక్షరమూ తగ్గకుండా, నాలుగడుగుల దూరానికి కనిపించేట్టుంది.

కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గు పూజారులకు ఈ తెలివి ఎప్పటికొస్తుందో! మహాశివరాత్రి నాడు అర్ధరాత్రి పెద్దపట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ, నలుపు, పంచవర్ణాల పొడులు పిడికిట్లోంచి జారవిడుస్తూ గీత మీద గీత నింపుకుంటూ పోతారు. డోలు మోగుతుంటుంది, జనం ఊగుతుంటారు, గీత మాత్రం వంకరపోదు. అందులో మనిషి బొమ్మా లేదు, చెట్టు బొమ్మా లేదు, దేవుడు మాత్రం వచ్చి కూర్చున్నాడని వాళ్ళ నమ్మకం. ఆఖరికి ఆ పట్నాన్నే తొక్కుతారు. తెల్లారేసరికి పొడి తప్ప ఏమీ మిగలదు. సంతకం లేదు, ఫ్రేము లేదు, లిమిటెడ్ ఎడిషన్ ప్రింటు లేదు. పైగా వచ్చే ఏడాది మళ్ళీ మొదటి నుంచీ వేస్తారు. వాళ్ళకు ఎవరైనా ఒక మేనేజరును కుదిర్చిపెడితే పుణ్యం ఉంటుంది.

గిట్టనివాళ్ళు ఏవేవో అంటారు. 2023లో రజా చిత్రం 'జెస్టేషన్' ముంబయి వేలంలో 51 కోట్లు దాటిందని వార్త వచ్చిన తర్వాతే మీకు బిందుదర్శనం అయిందంటారు. అయితే ఏం? ఎవరికి ఏ గురువు ఎక్కడ దొరకాలో రాసిపెట్టి ఉంటుంది. రజాకు పల్లెటూరి బడిగోడ మీద దొరికాడు, మీకు వేలంపాట వార్తలో దొరికాడు. అసలు మీ హాలంతా కలయదిరిగి చూస్తే, ఎంతో ఏకాగ్రతతో, సరైన చోట, ఒక్క మిల్లీమీటరు కూడా తొణక్కుండా పెట్టిన బిందువు ఒక్కటే కనిపించింది. అది కాన్వాసు మీద లేదు. కింద పేరూ ధరా ఉన్న చీటీ పక్కన, అమ్ముడుపోయిందని గ్యాలరీ వాళ్ళు అంటించే ఎర్రచుక్క. కొనేవాళ్ళు దాని ముందు నిలబడినంతసేపు ఏ బొమ్మ ముందూ నిలబడలేదు. కళ్ళు అరమోడ్పులయ్యాయి కూడా. మీ కళాజీవితానికి ఇంతకంటే సాఫల్యం ఉంటుందని నేననుకోను.

పాఠకులకు ఒక్క విన్నపం. ఈ మహానుభావుడి ప్రదర్శన మీ ఊరికొస్తే తప్పకుండా వెళ్ళండి, ప్రవేశం ఉచితం, టీ బాగుంటుంది. కేటలాగు చదవండి, ధర అడగండి, ఫోటో దిగండి. శ్రీచక్రం అని రాసిన బొమ్మ ముందు మాత్రం వేలు పెట్టి చిన్న త్రికోణాలు లెక్కపెట్టకండి. 43 రావాలి. రావు.